కొండగొర్రె అడుగుల వెంట

ఏటవాలు గుట్ట. మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డి మధ్య చాటంత జాగాలో పెంటికల కుప్ప. పైనున్నవి నల్లగా, ఇంకా తేమతో మెరుస్తుంటాయి. వాటి కిందివి గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. అట్టడుగువి తెల్లబారి, పుల్లతో కదిపితే పొడిపొడిగా రాలిపోతాయి. అడవి తెలియని మనిషి చూడకుండానే దాటిపోతాడు. మేకలు మేసి పోయినట్టున్నాయి అనుకున్నా అనుకుంటాడు. చెంచు వాచరు మాత్రం అక్కడ ఆగుతాడు, గొంతుక్కూర్చుంటాడు. మేక నడుస్తూ నడుస్తూ దారి పొడవునా వేసుకుంటూ పోతుంది. ఇది అలా కాదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి వేస్తుంది. పైన తడిగా ఉన్నాయంటే రాత్రో, తెల్లవారుజామునో వచ్చి పోయిందన్నమాట. ఎక్కడో దగ్గర్లోనే గడ్డిలో అణిగిమణిగి ఉందన్నమాట. మనల్ని చూస్తూ కూడా ఉండవచ్చు.

అదే కొండగొర్రె. పుస్తకాల్లో చౌసింగా అని రాస్తారు. ఈ భూమ్మీద నాలుగు కొమ్ములు మొలిచే అడవి క్షీరదం ఇదొక్కటే. కొమ్ములు మగదానికే. చెవుల దగ్గర ఒక జత, అవి నాలుగైదు అంగుళాలకు మించవు. కళ్లకు కాస్త పైన, నుదుటి మీద మరో జత. అవి అంగుళం, మహా అయితే రెండంగుళాలు. కొన్ని మగవాటికి ఆ ముందు జత బొడిపెల్లాగే ఉండిపోతుంది. రెండడుగుల ఎత్తు, 20 కిలోలకు అటూ ఇటూ బరువు, ఎండిన ఆకుల రంగు ఒళ్లు, ముందుకాళ్ల మీద పైనుంచి కిందికి నల్లటి గీత. పేరులో గొర్రె ఉన్నా గొర్రెకు దీనికి చుట్టరికం దూరం. అందరూ జింక అంటారు కానీ దుప్పికీ కణితికీ కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. దీని కొమ్ములు ఆవు కొమ్ముల్లాగా పుట్టాక చచ్చేదాకా ఉండేవే. శాస్త్రవేత్తలు దీన్ని చేర్చింది కూడా ఆవులూ బర్రెలూ ఉన్న శాఖలోనే. బతికున్న జంతువుల్లో దీనికి దగ్గరి చుట్టం మనుబోతు. అంత పెద్ద మనుబోతుకు ఇంత చిన్న చుట్టమా అనిపిస్తుంది.

భారతదేశం, దాని పక్కన నేపాల్లో కొంత. అంతకు మించి ప్రపంచంలో ఇంకెక్కడా ఇది లేదు. పిల్లలు కనగల పెద్ద జంతువులు మొత్తం మీద 10,000 కూడా ఉండవని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా. అందుకే ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఆ కొద్దిపాటి సంఖ్యలో కొన్ని మన నల్లమలలో, మన నాగర్‌కర్నూల్ జిల్లా గుట్టల మీద ఉన్నాయి. ఈ సంగతి మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసు?

పాలమూరు నుంచి 2016 అక్టోబరు 11న విడిపోయిన జిల్లాల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఉన్నాయి. మూడింటికీ కృష్ణ ఉంది. నల్లమల మాత్రం నాగర్‌కర్నూల్‌కే దక్కింది. గద్వాల, వనపర్తి వైపు వాళ్లకు జింక అంటే కృష్ణజింక. కృష్ణ ఒడ్డు మైదానాల్లో, పత్తి చేలల్లో, కంది చేలల్లో మందలు మందలుగా తిరిగే జింక. పైరు మేసి రైతును ఏడిపించే జింక. దాన్ని కాపాడమంటే ముందు మా చేను కాపాడండి అని రైతు అడుగుతాడు. ఆ అడగడంలో న్యాయం ఉంది. కొండగొర్రె కథ దీనికి పూర్తిగా ఎదురు. అది మందకట్టదు. ఒంటరిగానో, తల్లీపిల్లలుగానో, రెండు మూడుగానో తిరుగుతుంది. రాలిన ఉసిరికాయ, రేగుపండు, లేత ఆకు, చిగురు గడ్డి దాని తిండి. మనిషి అలికిడి వింటే ముందు రాయిలా నిలబడిపోతుంది. మరీ దగ్గరికి వస్తే గడ్డిలోంచి తల దించుకుని ఒక్క దూకు. ఎవరి పైరూ మేయదు, ఎవరి కంటా పడదు. కంటపడని దాని కోసం గొంతెత్తే వాళ్లు తక్కువ.

నేను వనపర్తి వైపు మనిషిని. మావాళ్లందరిలాగే నేను కూడా నల్లమలను మొదట చూసింది శ్రీశైలం బస్సు కిటికీలోంచే. అచ్చంపేట దాటాక, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బస్సు నెమ్మదిస్తే కోతులు కనబడేవి. ఆ తర్వాత వంపులు, వెదురు పొదలు, నిద్ర. అడవంటే దేవుడి దగ్గరికి పోయే దారి, అంతే. ఆ దారికి రెండు వైపులా ఎవరు బతుకుతున్నారో తెలుసుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది.

ఆ దారి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యగా పోతుంది. కృష్ణకు రెండు ఒడ్డులా ఉన్న నల్లమలను 1978లో వన్యప్రాణి అభయారణ్యం చేశారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక నదికి ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. కోర్ 2,166 చదరపు కిలోమీటర్లు, బఫర్‌తో కలిపితే 2,611. ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో, మిగతాది నల్లగొండలో. పేరు పులిది, నిధులు పులివి, లెక్కలు పులివి. కొండగొర్రె పేరుతో ఇక్కడ పథకం లేదు, బోర్డు లేదు. పులి నీడలోనే అది బతకాలి. పులి నోటికి చిక్కకుండా కూడా బతకాలి.

మరి దాన్ని కాపాడుతున్నది ఎవరు? అడవి లోపల అక్కడక్కడా ఉండే బేస్ క్యాంపుల్లోని వాచర్లు. ఒక్కో క్యాంపులో నలుగురైదుగురు. చాలామంది చెంచులు. నెలలో ఎక్కువ రోజులు అక్కడే వంట, అక్కడే పడక. తెల్లవారకముందే లేచి, చేతికర్ర, నీళ్ల సీసా పట్టుకుని నడక మొదలుపెడతారు. ఫోనులో ఎం-స్ట్రైప్స్ యాప్ వాళ్లు నడిచిన గీతను నమోదు చేస్తుంది. కనబడిన జంతువు, అడుగుజాడ, పెంటికలు, నరికిన చెట్టు, అన్నీ అందులో ఎక్కించాలి. యాప్ నేర్పింది అటవీశాఖ. ఏ మడుగు ఏ నెలలో ఎండుతుందో, ఏ గుట్ట వాలు మీద గడ్డి ముందు పచ్చబడుతుందో ఎవరూ నేర్పలేదు. అది వాళ్ల తాతల నాటి చదువు.

నడకలో వాళ్ల కళ్లు ముఖ్యంగా వెతికేది ఉచ్చు కోసం.

ఉచ్చును దగ్గరగా చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఇంతచేసీ అది మోటార్‌సైకిల్ క్లచ్ వైరు. మూర, మూరన్నర పొడవు. ఒక కొసన చిన్న మెలిక, ఆ మెలికలోంచి రెండో కొసను దూర్చితే జారుముడి తయారు. నీళ్లకు పోయే కాలిబాటకు అడ్డంగా ముళ్లకంప పేర్చి, మధ్యలో ఒక సందు వదులుతారు. ఆ సందులో, సరిగ్గా జంతువు మెడ ఎత్తున ఈ వైరును వేలాడదీస్తారు. రెండో కొస పక్కనున్న చెట్టు మొదలుకు. జంతువు ముళ్లను చూసి సందులోంచి పోతుంది. వైరు మెడకు తగులుతుంది. భయపడి ముందుకు గుంజుతుంది. గుంజినకొద్దీ బిగుస్తుంది. అరవడానికి కూడా గొంతు ఉండదు. అడవిపందికో, కుందేలుకో వేశామని పట్టుబడ్డవాడు చెబుతాడు. వైరుకు పంది ఎవరో, కొండగొర్రె ఎవరో, పులిపిల్ల ఎవరో తెలియదు. వాచరు కన్ను వెతికేది వైరును కూడా కాదు, అది ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. అతను చూసేది పేర్చిన కంపను. అడవిలో కంప తనంతట తాను వరసగా పడదు. వరస కనబడిందంటే మనిషి చేయి పడినట్టే. వంగి, వైరు విప్పి, చుట్ట చుట్టి సంచిలో వేసుకుంటాడు. ఆ చుట్ట బరువు గ్రాములే. ఆ పూట ఒక ప్రాణం దక్కిందని మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. జరగని చావును లెక్కపెట్టే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

చట్టం గట్టిదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొండగొర్రె మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికున్న రక్షణే దీనికీ ఉంది. వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. 2022 సవరణతో జరిమానా కూడా కనీసం 25,000 రూపాయలు అయింది. అయితే ఊళ్లలో దీని పేరే సరిగ్గా స్థిరపడలేదు. కొన్నిచోట్ల మొరిగే జింకను కూడా కొండగొర్రె అనే అంటారు. ఆడదానికి కొమ్ములుండవు కాబట్టి ఏదో చిన్న జింకలే అనుకుంటారు. పేరు తెలియనిది చచ్చిపోతే ఏది చచ్చిందో కూడా తెలియదు.

వేసవి వస్తే కష్టం రెండింతలు. కొండగొర్రె నీటిని వదిలి ఎక్కువ దూరం పోలేదు. దాని తావు ఎప్పుడూ నీటికి దగ్గర్లోనే. ఏప్రిల్ వచ్చేసరికి నల్లమల వాగులు రాళ్లు తేలతాయి. మిగిలిన చెలమల దగ్గరే దుప్పులు, పందులు, ఎలుగులు, చిరుత, అన్నీ చేరాలి. వేటగాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే అటవీశాఖ సాసర్ పిట్లు కట్టింది. నేలకు సమంగా, పళ్లెంలా లోతు తక్కువగా కట్టిన సిమెంటు గుంటలవి. అంచు వాలుగా ఉంటుంది కాబట్టి చిన్న జంతువు కూడా జారిపడకుండా మూతి పెట్టి తాగగలదు. కొన్నింటికి సోలార్ పంపుతో బోరు నీళ్లు, మిగతావాటికి ట్యాంకరు. ట్యాంకరు పోలేని చోట చెలమ పూడిక తీసి ఊట రప్పించాలి. ఆ ఊట ఎక్కడుందో చూపించేది మళ్లీ చెంచులే. ఇసుకలో ఏ రాతి పక్కన చేయి పెట్టి తోడితే తడి తగులుతుందో వాళ్లకు తెలుసు.

వేసవికి రెండో పేరు నిప్పు. ఆకు రాలి, గడ్డి ఎండి, అడవంతా ఆరబెట్టిన పిడకలా ఉంటుంది. ఇప్పపూల కోసం చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, తునికాకు కొత్త చిగురు కోసం కాల్చేవాళ్లు, బీడీ ముక్క విసిరేసి పోయేవాళ్లు. మంట గుట్ట ఎక్కితే ఆపడం మనిషి తరం కాదు. పెద్ద కొండగొర్రె పరుగెత్తి తప్పించుకోవచ్చు. కూన పరుగెత్తదు. తల్లి దాన్ని గడ్డిలో దాచి మేతకు పోతుంది, అది కదలకుండా పడుకుని ఉంటుంది. వేటజంతువు నుంచి ఆ కదలకపోవడమే దాన్ని కాపాడుతుంది. మంట వస్తే అదే దాని ప్రాణం తీస్తుంది. అందుకే చలికాలం పోతూనే ఫైర్ లైన్లు తీస్తారు. గడ్డి కొట్టి, ఆకు ఊడ్చి, మంట దాటలేనంత వెడల్పు బాట చేస్తారు. ఫైర్ వాచర్లు పచ్చికొమ్మలతో, బ్లోయర్లతో మంటకు ఎదురు నిలుస్తారు. ఎండ నెత్తిన, మంట ముఖాన. ఆ పని చూశాక ఎవరైనా అడవిలో అగ్గిపుల్ల గీయడానికి వెనకాడతారు.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. లోయలోకి దిగి, జలపాతం పక్కన గుహలోని లింగమయ్యను చూసి వచ్చే ఆ రోజుల్లో మన మూడు జిల్లాల నుంచీ జనం పోటెత్తుతారు. నేనూ పోయినవాణ్నే, మొక్కినవాణ్నే. అది సరిగ్గా అడవికి నీళ్లు కరువైన కాలం, నిప్పు భయం ఎక్కువైన కాలం. జాతర అయ్యాక వాచర్లు, స్వచ్ఛంద కార్యకర్తలు గోనెసంచులతో లోయలోకి దిగి మనం వదిలేసిన సీసాలూ, కవర్లూ ఏరుతారు. లింగమయ్య పూజారులు చెంచులే. మనం పారేసింది వాళ్ల గుడి ముంగిట్లో పారేసినట్టే. వచ్చే ఏడు పోయేవాళ్లు తెచ్చిన సీసాను తిరిగి ఊరికి తెచ్చుకుంటే చాలు, అది కూడా కాపలాలో భాగమే.

కొండగొర్రెలు ఎన్ని ఉన్నాయో లెక్కించడం పులుల్ని లెక్కించినంత తేలిక కాదు. పులులకైతే దారికి రెండు వైపులా మోకాలెత్తున కెమెరాలు కడతారు. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు, పైగా ఒకే పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్కవి వేరు. ఫొటోలు సరిపోల్చి ఒక్కోదాన్ని గుర్తుపడతారు. కొండగొర్రె ఒంటి మీద చార లేదు, మచ్చ లేదు. ఇవాళ పడిన ఫొటో, నిన్న పడిన ఫొటో ఒకదానివేనా అంటే చెప్పడం కష్టం. అందుకని దాని జాడలే ఆధారం: పెంటికల కుప్పలు, కాలిబాట వెంట నడుస్తూ చూసినవి, పులి కోసం కట్టిన కెమెరాలో అనుకోకుండా పడినవి. హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ లాంటి స్వచ్ఛంద సంస్థలు అటవీశాఖతో కలిసి ఈ అడవిలో ఏళ్లుగా పనిచేస్తున్నాయి. మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవుల్లో కౌస్తుభ్ శర్మ చౌసింగా మీదే ప్రత్యేకంగా పరిశోధన చేశారు. నల్లమల కొండగొర్రెకు కూడా అలా ఒకరు ఏళ్ల తరబడి అంకితం కావాలి. పాలమూరు విశ్వవిద్యాలయం మనకు దగ్గర్లోనే ఉంది. జంతుశాస్త్రం చదివే మన పిల్లల్లో ఒకరు మన్ననూరు బస్సెక్కితే ఎంత బాగుంటుంది!

ఒక చిన్న జంతువు కోసం అంతగా పాటుపడి చూపించిన ఉదాహరణ ఈ అడవిలోనే ఉంది. మూషిక జింక, కుందేలంత ఉండే మచ్చల జంతువు. దక్కను అడవుల్లో కంటికి కనబడటమే అరుదైపోయింది. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో 2010లో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల సాయంతో వాటి సంతతిని పెంచడం మొదలుపెట్టారు. గుప్పెడు జంతువులతో మొదలై ఏడేళ్లలో వందలు దాటాయి. 2017లో ఎనిమిదింటిని అమ్రాబాద్ అడవికి తెచ్చారు. నేరుగా వదిలేయలేదు. అడవిలోనే కంచె వేసిన జాగాలో ఉంచి, అక్కడి ఆకూ కాయా అలవాటు చేశారు. జూలో పుట్టిన జంతువుకు అడవిని మళ్లీ పరిచయం చేయడానికి ఇంత ఓపిక కావాలి. కొండగొర్రె ఇంకా ఆ స్థితికి రాలేదు. అడవిలో ఉన్నప్పుడే కాపాడుకుంటే జూ నుంచి తెచ్చుకునే అవసరమే రాదు.

చెంచుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఇదే అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ల పెంటల్లో, అంటే గూడేల్లో ఉండి, 1943లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. దుంపలు తవ్వి, తేనె తీసి, విల్లంబులతో వేటాడి బతికే జనంగా వాళ్లను చూశాడు. అదే కాలంలో ఫర్హాబాద్ గుట్ట మీద నిజాం వేట విడిది. ఒకడు ఆకలికి కొట్టాడు, ఒకడు సరదాకు కొట్టాడు. అడవి తరిగింది ఎవరి వల్లో వేరే చెప్పక్కర్లేదు. చట్టం వచ్చాక చెంచు విల్లు పక్కన పెట్టాడు. ఇప్పుడు అదే చెంచు కొడుకు కొండగొర్రె మెడకు వేసిన ఉచ్చు విప్పుతున్నాడు. ఆ ఉద్యోగం చాలామందికి తాత్కాలికమే. కోర్‌లోని గూడేలను బయటికి తరలించాలన్న ప్రయత్నాలూ నడుస్తున్నాయి. వెళ్లే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ. పిల్లల చదువు కోసం, ఆసుపత్రి కోసం వెళ్తామనేవాళ్లు ఉన్నారు. ఈ నేలను వదలమనేవాళ్లూ ఉన్నారు. తేల్చుకోవలసింది వాళ్లే, ఎవరి ఒత్తిడీ లేకుండా. నాకు తోచింది మాత్రం ఇది: ఏ రాతి పక్కన ఊట ఉందో తెలిసిన మనిషి వెళ్లిపోతే ఆ తెలివిని ఏ యాప్‌లోంచీ తెచ్చుకోలేం. ఉండేవాళ్లకు నెలనెలా జీతం, పక్కా కొలువు, పాము కరిస్తే వేళకు వైద్యం అందాలి. కొండగొర్రెకు పథకం అంటూ పెడితే మొదటి పద్దు అదే కావాలి.

ఈ గుట్టలు మొత్తంగా చేజారే ప్రమాదం కూడా ఒకసారి వచ్చింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సరేనంది. 4,000 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. బోరు యంత్రం పోవాలంటే దారి కావాలి, దారి పడితే గుట్ట చీలుతుంది. అమ్రాబాద్, పదర ఊళ్ల జనం రోడ్ల మీద కూర్చున్నారు. చెంచులు కొండ దిగి వచ్చారు. విద్యార్థులు, కవులు, సినిమావాళ్లు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ రోజుల్లో అందరి నోటా పులి, కృష్ణ నీళ్లు, చెంచులు. కొండగొర్రె పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ పోరాటంతో దాని గుట్ట కూడా దక్కింది.

ఇప్పుడు శ్రీశైలం రోడ్డును అడవి మీదుగా స్తంభాలపై ఎత్తుగా కట్టే ప్రతిపాదన నడుస్తోంది. కింద జంతువులు స్వేచ్ఛగా తిరుగుతాయని ఒక మాట. కట్టినన్ని ఏళ్లూ జరిగే అలజడి సంగతేమిటని ఇంకో మాట. కట్టేముందు కాలిబాటలు తెలిసినవాళ్లను పక్కన నడిపించుకుని, ఏ స్తంభం ఏ నీటిబాటకు అడ్డం పడుతుందో చూడాలి.

మైదానంలో ఉన్న మన చేతిలోనూ కొంత ఉంది. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే అలవాటు అడవి అంచు ఊళ్లలో ఇంకా పోలేదు. ఆ తీగకు మనుషులే చనిపోతున్నారు. పశువుల వెంట అడవిలోకి పోయే కుక్కలు, దారిలో వదిలేసిన కుక్కలు గుంపుకట్టి చిన్న జంతువుల్ని తరుముతాయి. ఇరవై కిలోల కొండగొర్రెకు కుక్కల గుంపు చాలు. అడవి మాంసం అని ఎవరైనా రహస్యంగా ఇంటికి తెస్తే వద్దని తిప్పి పంపగల ఇల్లాలు ఒక బేస్ క్యాంపుతో సమానం.

రాత్రి తొమ్మిదికి మన్ననూరులో, అటు దోమలపెంటలో గేట్లు పడతాయి. ఆలస్యమైన కార్లు వరసగా ఆగుతాయి. కొందరు విసుక్కుంటారు, ఇంకో పది నిమిషాలు ముందొస్తే పోయేవాళ్లం కదా అని. ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. ఉదయం ఆరు దాకా, తొమ్మిది గంటల పాటు, ఆ రోడ్డు మీద దీపం ఉండదు. వటువర్లపల్లి అవతల ఎక్కడో గడ్డిలోంచి రెండడుగుల జంతువు ఒకటి తారు అంచుకు వచ్చి నిలబడుతుంది. ఇటు చూస్తుంది, అటు చూస్తుంది. ఒక కాలు ఎత్తి కాసేపు అలాగే ఉంచుతుంది. తర్వాత చల్లబడుతున్న తారు మీద అడుగు పెట్టి, రోడ్డు దాటి, నీళ్ల వైపు పోతుంది.